18 ఈవెంట్లతో మోడల్ కట్టాలంటే: చిన్న వైద్య డేటాకు తగిన పెనాల్టీ రిగ్రెషన్ ఎంచుకోవడం

మీ దగ్గర 120 మంది రోగుల వివరాలున్నాయనుకుందాం. ఆపరేషన్ తర్వాత వాళ్లలో 18 మందికి గాయంలో ఇన్ఫెక్షన్ వచ్చింది; ఈ 18నే ఈవెంట్లు అంటాం. ఒక్కొక్కరికీ వయసు, షుగర్, ఆల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రొటీన్), సీఆర్‌పీ (వాపును సూచించే రక్తపరీక్ష), ఆపరేషన్ పట్టిన సమయం లాంటివి మొత్తం 14 వేరియబుల్స్ నమోదై ఉన్నాయి. అవును-కాదు ఫలితాలకు వాడే మామూలు లాజిస్టిక్ రిగ్రెషన్ నడిపితే ఒక గుణకం (ఒక వేరియబుల్‌కి మోడల్ ఇచ్చే బరువు) 19 అని, దాని స్టాండర్డ్ ఎర్రర్ (ఆ అంకెలోని అనిశ్చితి) వేలల్లో అని వచ్చింది. ఎవరినైనా అడిగితే "లాసో పెట్టెయ్, అదే చూసుకుంటుంది" అన్నారు.

ఆ సలహా ఒక్కోసారి పనికొస్తుంది, చాలాసార్లు పనికిరాదు. గుణకాలు అదుపు తప్పి పెరగకుండా కళ్లెం వేయడమే పెనాల్టీ పని. ఆ కళ్లెం ఎంత గట్టిగా లాగాలో చెప్పేది లాంబ్డా. రిడ్జ్, లాసో, ఎలాస్టిక్ నెట్, ఫర్త్ అన్నీ కళ్లేలే, కానీ ఒక్కొక్కటీ ఒక్కో పనికి పుట్టింది. వాటిలో ఏది మీకు కావాలో తేల్చేది మీరు అడుగుతున్న ప్రశ్న. ఈ 120 మంది ఉదాహరణనే చివరిదాకా పట్టుకుని నడుద్దాం.

మొదటి అడుగు: ప్రశ్నను ఒక వాక్యంలో రాయండి

కంప్యూటర్ తెరవకముందే ఈ పని చేయండి. వైద్య డేటా మీద వచ్చే ప్రశ్నలు దాదాపు అన్నీ మూడు రకాల్లో ఇమిడిపోతాయి.

"రేపు వచ్చే రోగికి ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం ఎంత?" అన్నది అంచనా ప్రశ్న. ఇక్కడ ఒక్కో గుణకం కచ్చితంగా ఉండాల్సిన పనిలేదు, మొత్తం కలిపితే వచ్చే సంభావ్యత నమ్మదగినదైతే చాలు.

"వయసు, ఆపరేషన్ రకం లెక్కలోకి తీసుకున్నాక, షుగర్ వల్ల ముప్పు ఎంత పెరుగుతుంది?" అన్నది ప్రభావం ప్రశ్న. మీకు కావాల్సింది ఒక్క గుణకం, దాని చుట్టూ నిజాయితీ గల కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఉండగల పరిధి). లాసో లాంటివి ఇక్కడ చేటు చేస్తాయి. వయసు లాంటి కన్‌ఫౌండర్ (షుగర్‌తోనూ, ఇన్ఫెక్షన్‌తోనూ ముడిపడి లెక్కను తప్పుదోవ పట్టించేది) గుణకాన్ని లాసో తగ్గించినా, సున్నా చేసినా, అది సరిదిద్దాల్సిన వక్రత (బయాస్) వెళ్లి షుగర్ గుణకంలో చేరుతుంది. మీరు వయసును సర్దుబాటు చేశామనే రాస్తారు, నిజానికి సగమే చేసి ఉంటారు.

"ఈ 14లో ఏవి ముఖ్యం?" అన్నది ఎంపిక ప్రశ్న. అందరూ ఎక్కువగా అడిగేది ఇదే, 18 ఈవెంట్లు అతి తక్కువగా జవాబు చెప్పగలిగేదీ ఇదే. మీ ప్రశ్న ఇదైతే, ముందుకు వెళ్లేముందు దాన్ని మొదటి రెండింటిలో ఒకటిగా మార్చగలరేమో మీ బృందంతో కూర్చుని మాట్లాడండి. చాలాసార్లు మార్చవచ్చు.

రెండో అడుగు: డేటా ఎంత బరువు మోయగలదో లెక్కకట్టండి

రోగుల సంఖ్య చూసి మోసపోవద్దు. రెండు ఫలితాల్లో ఏది తక్కువో ఆ సంఖ్యే మీ అసలు బలం, ఇక్కడ 18. ఆ పక్కన వేరియబుల్స్‌ని కాకుండా పారామీటర్లను (మోడల్ డేటా నుంచి లెక్కించాల్సిన గుణకాలను) లెక్కపెట్టండి. నాలుగు వర్గాలున్న వేరియబుల్ మూడు పారామీటర్లు తింటుంది. వయసును వంపు గీతగా పెడితే అదీ రెండో మూడో తింటుంది. మన ఉదాహరణలో అన్నీ సాదాగా ఉన్నాయనుకున్నా పారామీటరుకు 1.3 ఈవెంట్లే వస్తాయి.

పారామీటరుకు కనీసం 10 ఈవెంట్లు ఉండాలన్న పాత సూత్రం 1990ల మధ్యలో పెడూజీ బృందం చేసిన సిమ్యులేషన్ల నుంచి వచ్చింది. అన్ని సందర్భాలకూ ఒకే అంకె సరిపోదని తర్వాత వచ్చిన పరిశోధనలు తేల్చాయి. ఇప్పుడు వాడాల్సింది రైలీ బృందం 2019 నుంచి ప్రచురించిన పద్ధతి. ఆర్ (R) అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో పీఎమ్‌శాంప్‌సైజ్ (pmsampsize) ప్యాకేజీ ఆ లెక్క చేసి పెడుతుంది. మన అంకెలు అందులో వేసి చూద్దాం. ఈవెంట్ రేటు 15 శాతం. ఫలితంలోని వైవిధ్యంలో 15 శాతాన్ని మోడల్ వివరించగలదని అనుకుందాం. గుణకాలు 10 శాతానికి మించి కుదించాల్సిన అవసరం రాకూడదంటే 14 పారామీటర్లకు సుమారు 1,400 మంది రోగులు కావాలి. అంటే పారామీటరుకు వంద మంది. మన దగ్గర ఉన్నది 120 మంది.

మరో మాట. 15 శాతం అన్న ఆ సగటు రేటునైనా 5 శాతం పాయింట్ల తేడాలో పట్టుకోవాలంటే 196 మంది కావాలి. 120 మందితో అటూ ఇటూ 6.4 పాయింట్ల సందేహం మిగులుతుంది. ఏ వేరియబుల్ పెట్టకముందే పరిస్థితి ఇది.

ఈ లెక్క చూసి ఆపేయాల్సిన పనిలేదు, వేరియబుల్స్ తగ్గించండి. ఎలా తగ్గించాలన్నదే కీలకం. ఇన్ఫెక్షన్ కాలమ్‌ను మూసేసి తగ్గించండి. పాత పరిశోధనల్లో పదేపదే తేలినవి ఉంచండి. రోగి మంచం దగ్గర సమయానికి దొరకని పరీక్షలు తీసేయండి. ఒకే విషయాన్ని చెప్పే రెండింటిలో ఒకటి ఉంచండి. మూడు నాలుగు మిగిలితే సంతోషించండి.

ఒక్కొక్క వేరియబుల్‌కీ విడిగా పరీక్ష చేసి, పి విలువ (సంబంధమేమీ లేకున్నా ఇంత తేడా కనబడే అవకాశం) 0.05 లోపు ఉన్నవే లాసోకి అందించే అలవాటు చాలాచోట్ల ఉంది. దయచేసి ఆ పని చేయకండి. జవాబు చూసి ప్రశ్నలు ఏరుకున్నారన్న సంగతి ఆ తర్వాత వేసే పెనాల్టీకి తెలియదు. తన ముందున్న నాలుగే మొదటి నుంచీ ఉన్నాయనుకుని అది తక్కువగా కుదిస్తుంది. వయసును "60 పైన, 60 లోపు" అని రెండు ముక్కలు చేయడం కూడా మానండి. ఉన్న కొద్ది సమాచారాన్ని చేజేతులా పారబోసుకోవడమే అది.

మూడో అడుగు: సున్నా గడులు వెతకండి

వర్గాలుగా ఉన్న ప్రతి వేరియబుల్‌నీ ఫలితంతో కలిపి చిన్న పట్టిక వేయండి. పది నిమిషాల పని. ఆ 19 గుణకం ఎక్కడి నుంచి వచ్చిందో ఇక్కడే బయటపడుతుంది. డ్రెయిన్ (గాయంలోని ద్రవం బయటికి పోయే గొట్టం) పెట్టిన రోగులు 7 మంది, ఆ 7 మందికీ ఇన్ఫెక్షన్ వచ్చింది, రానివాళ్లు సున్నా. మిగతా 113 మందిలో 11 మందికి వచ్చింది. డ్రెయిన్ గుణకాన్ని ఎంత పెంచితే మోడల్ ఈ డేటాకు అంత బాగా అమరుతుంది, కాబట్టి అది అనంతం వైపు పరుగెడుతుంది. సాఫ్ట్‌వేర్ అలసిపోయి ఎక్కడో ఆగిన చోటు ఆ 19. దీన్ని సెపరేషన్ అంటారు.

ఆ వేరియబుల్‌ని తీసేయడం సరైన మందు కాదు, ఎందుకంటే బహుశా అదే అన్నిటికన్నా బలమైనది. డేవిడ్ ఫర్త్ 1993లో గుణకాల వక్రత తగ్గించడానికి ప్రతిపాదించిన సవరణ ఇక్కడ చక్కగా పనిచేస్తుందని హైన్‌ట్సె, షెంపర్ 2002లో చూపించారు. ఇలాంటి ఒక్క పట్టిక మీద ఫర్త్ చేసే పని చాలా సరళం: ప్రతి గడికీ అర చొప్పున కలుపుతుంది. 7 కాస్తా 7.5, సున్నా కాస్తా 0.5, 11 కాస్తా 11.5, 102 కాస్తా 102.5 అవుతాయి. ఆడ్స్ రేషియో (డ్రెయిన్ ఉన్నవాళ్లలో ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ ఉన్న నిష్పత్తి, డ్రెయిన్ లేనివాళ్లలోని అదే నిష్పత్తికి ఎన్ని రెట్లో చెప్పేది) సుమారు 134 వస్తుంది. చాలా పెద్దదే, కానీ అనంతం కాదు. దాని చుట్టూ ఇంటర్వెల్ మాత్రం ప్రొఫైల్ లైక్లీహుడ్‌తోనే (గుణకం ఏయే విలువలు డేటాకు పొసగుతాయో చూసే పద్ధతితో) తీయండి. గుణకానికి అటూ ఇటూ సమానంగా గీసే వాల్డ్ ఇంటర్వెల్ ఇలాంటి చోట నమ్మదగినది కాదు. ఆర్‌లో లాజిస్ట్‌ఎఫ్ ప్యాకేజీ దీన్ని అడగకుండానే చేస్తుంది. మరణం వరకు పట్టిన కాలం లాంటి ఫలితమైతే, అలాంటి కాలాన్ని విశ్లేషించే కాక్స్ మోడల్‌కూ ఇదే సవరణ ఉంది.

నాలుగో అడుగు: ప్రశ్నకు తగిన కళ్లెం తీసుకోండి

*ప్రభావం తెలుసుకోవాలంటే* ఫర్త్‌తో మొదలుపెట్టండి. దీనిలో నాకు బాగా నచ్చే గుణం ఏమిటంటే లాంబ్డా ఎంచుకునే పనే లేదు. డేటా చిన్నదైనప్పుడు ఒక అనుమానం తగ్గడమంటే పెద్ద ఉపశమనం. డేటా పెరిగేకొద్దీ దీని ప్రభావం తనంతట తానే కరిగిపోతుంది.

గ్రీన్‌ల్యాండ్, మన్సూర్నియా 2015లో వివరించిన లాగ్-ఎఫ్ పద్ధతినీ పరిశీలించండి. "ఈ వేరియబుల్ ఆడ్స్ రేషియో దాదాపు 39కి, 39లో ఒక వంతుకి మధ్య ఉంటుందని 95 శాతం నమ్ముతున్నాను" అన్న మెత్తటి ముందస్తు నమ్మకాన్ని లాగ్-ఎఫ్(2,2) డేటాకు జోడిస్తుంది. లాగ్-ఎఫ్(1,1) ఇంకా వదులు, దాని పరిధి 648 దాకా వెళ్తుంది. ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. ఒక్కో వేరియబుల్‌కి డేటాలో రెండు కృత్రిమ వరుసలు చేర్చండి: ఒకటి ఈవెంట్‌తో, ఒకటి ఈవెంట్ లేకుండా. ఆ వేరియబుల్ విలువ 1, మిగతావన్నీ, ఇంటర్‌సెప్ట్ (అన్ని వేరియబుల్స్ సున్నా అయినప్పటి మూల స్థాయి) కాలమ్‌తో సహా, సున్నా. (2,2)కి ఒక్కో వరుస బరువు 1, (1,1)కి అర. తర్వాత మామూలు లాజిస్టిక్ రిగ్రెషన్ నడపడమే. దీనికి ఇంకో మేలుంది: ఫలానా ఆడ్స్ రేషియో 39 దాటుతుందా లేదా అన్నది వైద్యుడితో మాట్లాడగలిగే విషయం. లాంబ్డా విలువ గురించి అలా మాట్లాడలేం.

*అంచనా కావాలంటే* నా మొదటి ఎంపిక రిడ్జ్. హోర్ల్, కెన్నార్డ్ 1970లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. ఎవరినీ బయటికి పంపకుండా అన్ని గుణకాలనూ సున్నా వైపు జరుపుతుంది. ఒకదానితో ఒకటి ముడిపడ్డ వేరియబుల్స్ ఉంటే బరువును వాటి మధ్య పంచుతుంది. వైద్యంలో వేరియబుల్స్ చాలామటుకు అలా ముడిపడే ఉంటాయి కాబట్టి ఇది సహజంగా అమరుతుంది. ఫర్త్‌ను అంచనాకు నేరుగా వాడకండి. అరుదైన ఈవెంట్ల డేటాలో అది సంభావ్యతలను 50 శాతం వైపు లాగుతుంది, దాంతో సగటు అంచనా నిజమైన 15 శాతం కన్నా ఎక్కువగా తేలవచ్చు. వాడక తప్పకపోతే ఫ్లిక్ లేదా ఫ్లాక్ అనే సవరణలతో వాడండి. ఫ్లిక్ చేసేది ఇంటర్‌సెప్ట్‌ను మళ్లీ లెక్కించి సగటును సరిచేయడం. రెండూ 2017లో వచ్చాయి, లాజిస్ట్‌ఎఫ్‌లోనే ఉన్నాయి.

*తక్కువ వేరియబుల్స్ ఉన్న మోడల్ కావాలంటే* అందరికీ గుర్తొచ్చేది లాసో. టిబ్షిరానీ 1996లో ఇచ్చిన ఈ పద్ధతి కొన్ని గుణకాలను సరిగ్గా సున్నా చేస్తుంది. అదే దాని ఆకర్షణ, చిన్న డేటాలో అదే దాని బలహీనత. సీఆర్‌పీ, తెల్ల రక్తకణాల సంఖ్య రెండూ కలిసి పెరిగేవి. లాసో వాటిలో ఒకదాన్ని ఉంచి ఒకదాన్ని తోసేస్తుంది. ఇద్దరు రోగులు మారితే ఉంచినదీ తోసినదీ తారుమారు కావచ్చు. అయినా ఫలితాల పట్టికలో "సీఆర్‌పీకి సంబంధం లేదని తేలింది" అని రాసేస్తారు. లాసో ఆ మాట అనలేదు.

మీకు లాసో తప్పదనుకుంటే ఒక పరీక్ష చేయండి. మీ రోగుల్లోంచే, ఒకరే మళ్లీ మళ్లీ రాగలిగేలా, 120 మంది చొప్పున 200 శాంపిళ్లు (బూట్‌స్ట్రాప్ శాంపిళ్లు) తీసి, ప్రతిదానిలో మొత్తం పని మళ్లీ చేసి, ఏ వేరియబుల్ ఎన్నిసార్లు నిలిచిందో లెక్కపెట్టండి. 190 సార్లు నిలిచినదానికీ, 105 సార్లు నిలిచినదానికీ మొదటి పట్టికలో తేడా కనిపించదు, ఇక్కడ కనిపిస్తుంది. ఆ అంకెలను మోడల్ పక్కనే ప్రచురించండి.

జౌ, హేస్టీల ఎలాస్టిక్ నెట్ (2005) రిడ్జ్, లాసోల మధ్య దారి. ముడిపడ్డ వేరియబుల్స్‌ని కలిపి ఉంచడమో, కలిపి తీయడమో చేసే మొగ్గు దానికుంది. వాడితే రెండింటి పాళ్లు ఎంతో ముందే నిర్ణయించుకోండి, సగం సగం అయినా సరే. 18 ఈవెంట్లతో లాంబ్డాను పట్టుకోవడమే కష్టం, ఇక ఆ పాళ్లను కూడా డేటానే అడగడం దాని శక్తికి మించిన పని. అడాప్టివ్ లాసో, స్కాడ్ లాంటివి పెద్ద డేటాలో మంచి సైద్ధాంతిక గుణాలున్నవి. ఇంత చిన్న డేటాలో వాటి జోలికి వెళ్లవద్దు.

ఐదో అడుగు: డేటాను సిద్ధం చేయండి

క్రియాటినిన్ మిల్లీగ్రాముల్లో ఉందా మైక్రోమోల్స్‌లో ఉందా అన్నదాన్ని బట్టి పెనాల్టీ మారకూడదు కాబట్టి స్కేలు ఒకటి చేయాలి. ఆర్‌లో జీఎల్‌ఎమ్‌నెట్ అది తనంతట తానే చేస్తుంది. పైథాన్‌లో సైకిట్-లెర్న్ చేయదు, మీరే చేయాలి. ఆ సైకిట్-లెర్న్‌లోనే ఇంకో విషయం చాలామందికి తెలియదు: అందులో లాజిస్టిక్ రిగ్రెషన్ మీరు అడగకపోయినా రిడ్జ్ పెనాల్టీతోనే నడుస్తుంది. దాని సీ విలువ లాంబ్డాకు తలకిందులు, సీ తగ్గితే కళ్లెం బిగుస్తుంది. పెనాల్టీ లేదనుకుని దాని గుణకాలను ఆడ్స్ రేషియోలుగా ప్రచురించవద్దు.

ముప్పుతో సంబంధం ఉందని ఎప్పుడో స్థిరపడిన వేరియబుల్ ఉంటే దానికి పెనాల్టీ మినహాయించవచ్చు. జీఎల్‌ఎమ్‌నెట్‌లో పెనాల్టీ ఫ్యాక్టర్‌ను సున్నా చేస్తే చాలు. ఒకటి రెండింటికి మించి మాత్రం వద్దు. ఖాళీ విలువలున్న రోగులను తీసేయకండి, 18లో ముగ్గురు పోయినా ఆరో వంతు పోయినట్టే. మల్టిపుల్ ఇంప్యుటేషన్ (ఖాళీలను మిగతా వివరాల ఆధారంగా పలుమార్లు నింపి ఫలితాలను కలపడం) చేయండి.

ఆరో అడుగు: లాంబ్డాను అనుమానంతో ఎంచుకోండి

ఈ గైడ్‌లో ఒక్క భాగమే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి.

లాంబ్డాను మామూలుగా 10 భాగాల క్రాస్ వాలిడేషన్‌తో ఎంచుకుంటారు: తొమ్మిది భాగాల మీద మోడల్ కట్టి (శిక్షణ), మిగిలిన ఒక భాగం మీద పరీక్షించడం, ఇలా ప్రతి భాగానికీ. 18 ఈవెంట్లను పది భాగాలుగా పంచితే ఒక్కో భాగానికి రెండు కూడా రావు. యాదృచ్ఛికంగా పంచితే కొన్ని భాగాల్లో ఒక్కటీ ఉండకపోవచ్చు. అందుకని ఈవెంట్లు సమంగా పడేలా పంచండి. పంపకాన్ని మార్చి మార్చి 50 నుంచి 100 సార్లు చేసి, అన్నిటి సగటు మీద లాంబ్డా ఎంచుకోండి. కొలబద్దగా డీవియన్స్ (మోడల్ ఇచ్చిన సంభావ్యతలు అసలు ఫలితాలకు ఎంత దూరమో చెప్పే కొలత) వాడండి. ఏయూసీ (ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లకు రానివాళ్లకన్నా ఎక్కువ ముప్పు చూపిస్తోందా అనే కొలత) గానీ, తప్పు వర్గీకరణల శాతం గానీ ఇంత తక్కువ ఈవెంట్ల మీద నిలకడగా ఉండవు.

ఇంత చేసినా ఒక చిక్కు మిగులుతుంది. లాంబ్డా కూడా ఈ చిన్న డేటా నుంచే పుట్టిన అంచనా. వాన్ కాల్‌స్టర్ బృందం 2020లో, రైలీ బృందం 2021లో దీన్ని లోతుగా పరిశీలించాయి. పెనాల్టీ పద్ధతులు సగటున మేలు చేస్తాయి, కానీ మీ ఒక్క డేటాలో మేలు చేస్తాయన్న హామీ లేదు, డేటా చిన్నదయ్యేకొద్దీ ఆ అనిశ్చితి పెరుగుతుంది. అంతకన్నా కలవరపెట్టేది ఇంకొకటి: ఎక్కువ కుదింపు అవసరమైన డేటాలోనే క్రాస్ వాలిడేషన్ తక్కువ కుదింపు ఎంచుకునే ధోరణి సిమ్యులేషన్లలో కనిపించింది. కారణం ఆలోచిస్తే అర్థమవుతుంది. కాకతాళీయంగా వేరియబుల్స్ చాలా బలంగా కనిపించే డేటా మీ చేతికొచ్చిందనుకోండి. దాన్ని ఎన్ని ముక్కలు చేసినా అన్ని ముక్కలూ అదే కాకతాళీయాన్ని మోస్తాయి. "సంబంధం బలంగానే ఉంది, కళ్లెం వదులు చేయి" అనే క్రాస్ వాలిడేషన్ చెబుతుంది. సెపరేషన్ ఉన్న డేటాలో ఇది మరీ ఎక్కువ, లాంబ్డా దాదాపు సున్నా దగ్గరికి కూడా జారిపోవచ్చు.

కాబట్టి ఇలా చేయండి. మొదట, పంపకాలు మారినప్పుడు లాంబ్డా ఎంత ఊగుతోందో చిన్న గ్రాఫ్ గీసి చూడండి. పదింతలు ఊగుతుంటే ఆ ఎంపికను నమ్మవద్దు. రెండోది, చేత్తో చేయగలిగే ఒక సరిచూపు ఉంది, వాన్ హౌవెలింగెన్, లే సెస్సీ 1990లో ఇచ్చినది. పెనాల్టీ లేని మోడల్ కై స్క్వేర్ (వేరియబుల్స్ ఏవీ లేని మోడల్ కన్నా అది ఎంత బాగా అమరిందో చెప్పే అంకె) నుంచి పారామీటర్ల సంఖ్య తీసేసి, మళ్లీ కై స్క్వేర్‌తో భాగించండి. 14 పారామీటర్లకు 24 వచ్చిందనుకుంటే 10ని 24తో భాగించగా 0.42. గుణకాలు సగానికన్నా కిందికి కుదించాలని దీనర్థం. మీ రిడ్జ్ గుణకాలు మామూలువాటిలో 90 శాతం దగ్గరే నిలబడి ఉంటే ఏదో తేడా ఉంది. (సెపరేషన్ ఉంటే ఈ సరిచూపు కూడా పనిచేయదు.) మూడోది, రెండు సంకేతాలూ ఒకదానికొకటి పొసగకపోతే లాంబ్డా వెతకడమే మానేసి, ముందే నిర్ణయించిన లాగ్-ఎఫ్ లాంటి పెనాల్టీకి మారండి. అది లొంగిపోవడం కాదు, ఇంత తక్కువ సమాచారంతో తీసుకోగల మంచి నిర్ణయాల్లో ఒకటి.

కనిష్ఠ డీవియన్స్ ఇచ్చే లాంబ్డా బదులు, డీవియన్స్ ఆ కనిష్ఠానికి ఒక స్టాండర్డ్ ఎర్రర్ లోపలే ఉండే అతి పెద్ద లాంబ్డా తీసుకోవచ్చా అని తరచుగా అడుగుతారు. వేరియబుల్స్ తగ్గుతాయి గానీ, సంభావ్యతలు అందరికీ 15 శాతం చుట్టూ ముద్దగా చేరిపోతాయి. అంచనా కోసమైతే నేను తీసుకోను.

ఏడో అడుగు: మొత్తం పనిని పరీక్షించండి

డేటాను 70కి 30గా విడగొట్టకండి. ఆ 30 శాతంలో 36 మంది ఉంటారు, ఈవెంట్లు ఐదో ఆరో. వాటి మీద వచ్చే ఏ అంకెకూ విలువ లేదు, పైగా మోడల్ కట్టడానికి ఉన్నదాంట్లో దాదాపు మూడో వంతు పోతుంది.

బూట్‌స్ట్రాప్ చేయండి, కనీసం 200 సార్లు, వీలైతే 500. ప్రతిసారీ ఇంప్యుటేషన్, లాంబ్డా ఎంపిక, మోడల్ కట్టడం అన్నీ మళ్లీ జరగాలి. ఇక్కడ ఒక జాగ్రత్త: బూట్‌స్ట్రాప్ శాంపిల్‌లో ఒకే రోగి రెండు మూడు సార్లు వస్తాడు. ఆ నకళ్లలో ఒకటి శిక్షణ భాగంలో, ఇంకొకటి పరీక్ష భాగంలో పడితే మోడల్ తాను చూసిన రోగినే మళ్లీ చూస్తుంది, లాంబ్డా అనవసరంగా తగ్గుతుంది. ఒక రోగి నకళ్లన్నీ ఒకే భాగంలో ఉంచండి.

ఏయూసీ ఒక్కటే చూసి ఊరుకోకండి. కాలిబ్రేషన్ స్లోప్ (అంచనాల హెచ్చుతగ్గులు అసలు ముప్పులోని హెచ్చుతగ్గులకు సరిపోతున్నాయా అని చెప్పే అంకె) చూడండి. 1 దగ్గర ఉంటే మంచిది. 0.6 వస్తే మోడల్ ఇంకా అతిగా మాట్లాడుతోందని, 1.5 వస్తే అతిగా కుదించారని అర్థం. 500 బూట్‌స్ట్రాప్‌ల్లో ఆ స్లోప్ ఎంత విస్తరించిందో కూడా చెప్పండి. ఒకే రోగికి ఈ 500 మోడళ్లు ఇచ్చిన సంభావ్యతలనూ పక్కపక్కన పెట్టండి. అవి 6 శాతం నుంచి 45 శాతం దాకా పరుచుకుంటే, ఆ మోడల్‌ను ఆ రోగి విషయంలో ఎవరూ వాడకూడదు. ఆ మాటను మీ వ్యాసంలో మీరే రాయాలి.

ఎనిమిదో అడుగు: ఇంకొకరు తిరిగి వాడగలిగేలా రాయండి

అంచనా మోడళ్ల గురించి వ్యాసంలో ఏమేం రాయాలో చెప్పే ట్రైపాడ్ మార్గదర్శకం 2015లో వచ్చింది, దాని కొత్త రూపం ట్రైపాడ్ ప్లస్ ఏఐ 2024లో. వాటి చెక్‌లిస్టు ముందు పెట్టుకుని రాయండి. పెనాల్టీ రకం, లాంబ్డా విలువ, దాన్ని ఎంచుకున్న తీరు, మొదట ఉన్న 14 వేరియబుల్స్ పేర్లు, వాటిని తగ్గించిన కారణాలు అన్నీ అందులో ఉండాలి. లాసో గుణకాల పక్కన మామూలు పి విలువలు వేయకండి, ఎంపిక తర్వాత అవి చెల్లవు. గుణకాలను అసలు యూనిట్లలోకి తిరిగి మార్చి, ఇంటర్‌సెప్ట్‌తో సహా పూర్తి సమీకరణం ఇవ్వండి. ఇంటర్‌సెప్ట్ లేకుండా ఆడ్స్ రేషియోలు మాత్రమే ఇచ్చిన మోడల్‌తో ఏ రోగి సంభావ్యతనూ లెక్కించలేం. ఆ ఒక్క అంకె ఉంటే మరో ఆసుపత్రిలో 300 మంది రోగులున్న బృందం మీ సమీకరణాన్ని తమ రోగుల మీద వేసి చూసి, నిలబడిందో లేదో చెప్పగలుగుతుంది.